ఊరు దాటిన ఆట

ప్రతి ఆటకూ ఒక పుట్టిల్లు ఉంటుంది. ఆ పుట్టింట్లో ఆటను గురించి ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. తండ్రి చేయి పట్టుకొని మైదానానికి వెళ్లిన పిల్లవాడు మాటలు నేర్చుకొన్నట్లే ఆటనూ నేర్చుకొంటాడు. పుట్టింటి ఎల్లలు దాటి మరొక నేలకు వెళ్లినప్పుడే ఆటకు అసలు పరీక్ష ఎదురవుతుంది. అక్కడ దాని నియమాలు తెలిసినవారు కొద్దిమందే ఉంటారు. దానిని ఆడే పాఠశాలలు ఉండవు. ఆ నేలకు అప్పటికే సొంత ఆటలు ఉంటాయి. అటువంటి చోట ఒక క్లబ్బు ఎలా నిలబడుతుంది? జనం దానిని తమదిగా ఎప్పుడు భావిస్తారు? ఇంగ్లాండు ఉత్తర ప్రాంతంలో పుట్టిన రగ్బీ లీగ్ ఆట చరిత్ర ఈ ప్రశ్నలకు సమాధానం చెబుతుంది.

ఇంగ్లాండు ఉత్తర భాగంలో యార్క్‌షైర్, లాంకషైర్ అనే రెండు సీమలున్నాయి. 19వ శతాబ్దంలో అక్కడ బొగ్గు గనులు, నూలు మిల్లులు, ఉన్ని మిల్లులు, గాజు కర్మాగారాలు వెలిశాయి. వారమంతా శ్రమించిన కార్మికులకు శనివారం మధ్యాహ్నం దొరికే తీరికే పండుగ. ఆ తీరికలో వారు రగ్బీ ఆడేవారు, చూసేవారు. ఆనాడు రగ్బీ ఆటపై పెత్తనమంతా రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ అనే సంఘానిది. ఆటగాడు ఆట కోసం ఒక్క పెన్నీ కూడా పుచ్చుకోరాదని ఆ సంఘం నియమం. సంపన్న కుటుంబాలలో పుట్టి, పెద్ద పాఠశాలల్లో చదివినవారికి ఈ నియమం వల్ల నష్టం లేదు. గని కార్మికుని సంగతి వేరు. పొరుగూరిలో పోటీ ఉంటే అతడు శనివారం ఉదయపు పని మానుకోవాలి. పని మానితే ఆ పూట కూలి పోతుంది. ఆటలో దెబ్బ తగిలి మంచం పడితే ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం.

పోయిన కూలి మేరకైనా ఆటగాళ్లకు చెల్లించనివ్వాలని 1893లో యార్క్‌షైర్ ప్రతినిధులు యూనియన్ సభలో ప్రతిపాదించారు. ప్రతిపాదనకు అనుకూలంగా 136 ఓట్లు, వ్యతిరేకంగా 282 ఓట్లు వచ్చాయి. రెండేళ్ల తరువాత, 1895 ఆగస్టు 29న, హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జి హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులవారు సమావేశమై యూనియన్ నుంచి విడిపోవాలని తీర్మానించారు. 22 క్లబ్బులతో నార్తర్న్ యూనియన్ అనే కొత్త సంఘం ఏర్పడింది. పని మానుకొన్న రోజుకు ఆరు షిల్లింగుల వరకు ఆటగానికి ఇవ్వవచ్చునని అది నిర్ణయించింది. ఆ సంఘమే 1922లో రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ అనే పేరు పెట్టుకొంది. ఆటగాళ్లకు బాహాటంగా డబ్బు చెల్లించడానికి పాత రగ్బీవారు ఒప్పుకొన్నది 1995లో. కార్మికుల న్యాయమైన కోరిక అక్కడ నెగ్గడానికి నూరేళ్లు పట్టిందన్నమాట.

విడిపోయిన తరువాత ఆట రూపం కూడా మారింది. పాత రగ్బీలో పక్షానికి 15 మంది ఆడతారు. 1906లో కొత్త సంఘం ఈ సంఖ్యను 13కు తగ్గించింది. రెండు ఆటల్లోనూ బంతి కోలగా ఉంటుంది. చేతితో దానిని ముందుకు విసరకూడదు. పక్కకో వెనుకకో ఉన్న తోటివానికి అందించాలి. ముందుకు పోవాలంటే బంతితో పరుగెత్తాలి, లేదా బంతిని కాలితో తన్నాలి. కబడ్డీలో కూతకు వచ్చినవానిని ఒడిసి పట్టినట్లు, బంతితో వచ్చేవానిని ఎదుటి పక్షంవారు పట్టి నేలకు దించుతారు. రగ్బీ లీగ్‌లో అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటి పక్షానికి పోతుంది. ఎదుటివారి గీత అవతల బంతిని నేలకు ఆనిస్తే దానిని ‘ట్రై’ అంటారు. దానికి 4 పాయింట్లు. ఆపైన బంతిని గోలు కర్రల నడుమ అడ్డపట్టీ మీదుగా తన్నితే మరి 2 పాయింట్లు. ఆటలో ఆగుళ్లు తక్కువ, పరుగులు ఎక్కువ. డబ్బు చెల్లించి వచ్చిన ప్రేక్షకునికి కనువిందు కావాలన్నదే ఈ మార్పుల ఉద్దేశం.

విగాన్, సెయింట్ హెలెన్స్, వారింగ్టన్, లీడ్స్, హడర్స్‌ఫీల్డ్, హల్ వంటి పట్టణాలలో ఈ ఆట ఇంటింటి ఆట అయింది. గనిలో పక్కపక్కన పనిచేసినవారే మైదానంలో ఆడేవారు. వారి బంధువులూ ఇరుగుపొరుగువారూ గట్టున నిలబడి కేకలు వేసేవారు. పట్టణం పేరూ క్లబ్బు పేరూ ఒకటే కావడం వల్ల క్లబ్బు గెలిస్తే ఊరు గెలిచినట్లే ఉండేది. అయితే ఈ పట్టణాలలో చాలా భాగం ఒకదాని కొకటి దగ్గరగా, లివర్‌పూల్ నుంచి హల్ వరకు సాగే ఒక సన్నని పట్టీలోనే ఉన్నాయి. ఆ పట్టీ దాటి దక్షిణాదికి పోతే ఆ ఆట పేరు విన్నవారే తక్కువ. 20వ శతాబ్దం చివరి భాగంలో గనులు, మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడసాగాయి. ఆట పుట్టిల్లే చిక్కిపోతున్నప్పుడు కొత్త చోట్లకు విస్తరించాలన్న ఆలోచన బలపడింది.

అటువంటి ప్రయత్నాలలో చెప్పుకోదగినది 1980లో లండన్‌లో జరిగింది. ఫుల్హామ్ ఫుట్‌బాల్ క్లబ్బు తన క్రేవెన్ కాటేజ్ మైదానంలోనే ఒక రగ్బీ లీగ్ జట్టును నెలకొల్పింది. ఆటగాళ్లలో చాలామంది ఉత్తరాది నుంచి వచ్చినవారు. 1980 సెప్టెంబరు 14న మొదటి పోటీ. ఎదుటి పక్షం పేరుమోసిన విగాన్. తొమ్మిదిన్నర వేల మంది చూస్తుండగా కొత్త జట్టు 24–5 తేడాతో గెలిచింది. ఆ సంవత్సరమే ఫుల్హామ్ జట్టు పై శ్రేణికి ఎక్కింది. రాజధానిలో ఆట పాతుకొన్నదని అందరూ సంతోషించారు.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. జట్టు మరుసటి ఏడే కింది శ్రేణికి దిగింది. ప్రేక్షకులు తగ్గారు. 1984లో ఫుట్‌బాల్ క్లబ్బు చేయి వదలింది. అప్పటి నుంచి లండన్ జట్టుది అద్దె ఇళ్లలో కాపురం వంటి బతుకు. క్రిస్టల్ ప్యాలెస్, చిజిక్, బార్నెట్, ఈలింగ్, వింబుల్డన్ – ఇలా మైదానం తరువాత మైదానం మారింది. పేరు కూడా మారుతూ వచ్చింది. ఫుల్హామ్ పోయి లండన్ క్రూసేడర్స్, తరువాత 1994లో లండన్ బ్రాంకోస్, 2006లో హార్లెక్విన్స్, 2012లో మళ్లీ బ్రాంకోస్ అయింది. లండన్ మహానగరంలో ఒక మైదానం నుంచి మరొక మైదానానికి పోవడమంటే మరొక ఊరికి పోవడంతో సమానం. ఒక పేటవారు జట్టుకు అలవాటుపడే లోపలే జట్టు వేరొక పేటకు తరలిపోయేది. నిన్న కొన్న చొక్కా మీది పేరు రేపు ఉంటుందో లేదో తెలియకపోతే అభిమాని మనసు ఎక్కడ నిలుస్తుంది?

అయినా లండన్ ప్రయత్నం వృథా కాలేదు. మైదానాలు మారినా పిల్లలకు ఆట నేర్పే పని అక్కడ సాగుతూనే వచ్చింది. అలా లండన్‌లో పెరిగిన లూయీ మెకార్తీ స్కార్స్‌బ్రూక్ ఉత్తరాదికి వెళ్లి సెయింట్ హెలెన్స్ జట్టులో అనేక విజయాలలో పాలుపంచుకొన్నాడు. లండన్ జట్టు 2018లోనూ 2023లోనూ పోరాడి అత్యున్నత శ్రేణి అయిన సూపర్ లీగ్‌కు ఎక్కింది. రెండుసార్లూ ఒక్క ఏడాదికే కింది శ్రేణికి దిగిపోయింది. పిల్లలను తయారుచేసే చోటు ఉన్నా, వారిని చూడటానికి జనం స్థిరంగా చేరే చోటు లేకపోవడమే లండన్ లోటు.

ఫ్రాన్స్ కథ ఇందుకు భిన్నమైనది. అక్కడి దక్షిణ ప్రాంతంలో ఈ ఆటకు వేళ్లు ముందే ఉన్నాయి. జాన్ గాలియా అనే ఆటగాడు పాత రగ్బీ సంఘంతో తగవు పడి బయటికి వచ్చి, 1934లో ఒక ఫ్రెంచి జట్టును ఇంగ్లాండుకు తీసుకువెళ్లి ఆడించాడు. ఆ ఏడే ఫ్రాన్స్‌లో రగ్బీ లీగ్ సంఘం ఏర్పడింది. కొద్ది సంవత్సరాలలోనే ఆట ఎంతగా వ్యాపించిందంటే పాత రగ్బీవారికి భయం పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీకి తలవంచిన విషీ ప్రభుత్వం 1941లో ఈ సంఘాన్ని రద్దుచేసి దాని ఆస్తులను స్వాధీనం చేసుకొంది. దేశం విముక్తమైన తరువాత ఆట తిరిగి లేచింది. 1951లో పుయిగ్ ఓబేర్ నాయకత్వంలోని ఫ్రాన్స్ జట్టు ఆస్ట్రేలియాకు వెళ్లి అక్కడి జట్టును మూడింట రెండు పోటీలలో ఓడించింది. కాని పోయిన ఆస్తులు తిరిగి రాలేదు. ‘రగ్బీ’ అనే మాటను వాడుకొనే హక్కు కూడా 1990ల ఆరంభం దాకా లభించలేదు. అంతవరకు దానిని ‘పదమూడుగురి ఆట’ అనే పిలిచారు.

స్పెయిన్ సరిహద్దుకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో పెర్పిన్యా అనే పట్టణముంది. అక్కడివారు ఫ్రెంచివారే అయినా తమను కాటలన్ జాతివారుగా చెప్పుకొని గర్విస్తారు. 2000లో అక్కడి రెండు పాత క్లబ్బులు ఒకటయ్యాయి. ఆ క్లబ్బే కాటలన్ డ్రాగన్స్ పేరుతో 2006లో ఇంగ్లాండు సూపర్ లీగ్‌లో ప్రవేశించింది. కాటలన్ జెండాలోని ఎరుపు, పసుపు రంగులే జట్టు రంగులు. క్లబ్బు అధ్యక్షుడు బెర్నార్ గుయాష్ ఆ ప్రాంతపు వ్యాపారే. పిల్లలు పైకి రావడానికి ఫ్రాన్స్ పోటీలలో ఆడే మరొక జట్టును కూడా క్లబ్బు నడుపుతుంది. కొత్త క్లబ్బు నిలదొక్కుకోవడానికి వ్యవధి కావాలని తలచి, మూడేళ్లపాటు దానిని కింది శ్రేణికి దింపబోమని నిర్వాహకులు హామీ ఇచ్చారు.

ఈ హామీ ఒక చిక్కు తెచ్చింది. మొదటి ఏడు కాటలన్ డ్రాగన్స్ అందరికంటె చివరి స్థానంలో నిలిచింది. మామూలుగా అయితే కిందికి దిగవలసినది ఆ జట్టే. హామీ ఉన్నందువల్ల, దానికంటె ఒక మెట్టు పైన నిలిచిన కాసిల్‌ఫర్డ్ జట్టు దిగిపోవలసి వచ్చింది. కాసిల్‌ఫర్డ్ యార్క్‌షైర్‌లోని చిన్న పట్టణం. గనులు మూతపడ్డాక ఊరికి పేరు తెచ్చేదేదైనా మిగిలిందంటే అది ఆ జట్టే. ఎక్కువ పాయింట్లు సంపాదించి కూడా కొత్తవారి కోసం తాము దిగడం ఏం న్యాయమని అక్కడివారు బాధపడ్డారు. ఆ బాధలో నిజముంది. కొత్త మొక్కకు పోసే నీరు పాత చెట్టు పాదులోనిది కావచ్చు. ఆటను విస్తరించేవారు ఈ సంగతిని మరువరాదు. కాసిల్‌ఫర్డ్ మరుసటి ఏడు కింది శ్రేణిలో గెలిచి 2008లో తిరిగి పైకి వచ్చింది.

ఇచ్చిన వ్యవధిని కాటలన్ డ్రాగన్స్ సద్వినియోగం చేసుకొంది. 2007లోనే ఛాలెంజ్ కప్ తుది పోటీకి చేరింది. 1897 నుంచి జరుగుతున్న ఆ పోటీలో తుది ఆట ఆడిన మొదటి ఫ్రెంచి క్లబ్బు అదే. ఆనాడు ఓడినా, 2018లో వారింగ్టన్‌ను 20–14 తేడాతో ఓడించి కప్పును గెలుచుకొంది. అంతకు ముందు ఆ కప్పు ఎన్నడూ ఇంగ్లాండు క్లబ్బుల చేయి దాటలేదు. దానిని అందుకొన్న నాయకుడు రెమీ కాస్టీ దక్షిణ ఫ్రాన్స్‌లో పుట్టి పెరిగినవాడు. మరుసటి ఏడు ఈ క్లబ్బు స్పెయిన్‌లోని బార్సిలోనా నగరంలో, ఫుట్‌బాల్‌కు ప్రసిద్ధమైన కాంప్ నౌ మైదానంలో విగాన్‌తో ఆడింది. ఆ ఆట చూడటానికి 31,555 మంది వచ్చారు.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరానిది మరొక తీరు. రగ్బీ లీగ్ ఆ దేశంలో సిడ్నీ, బ్రిస్బేన్ నగరాల ఆట. మెల్‌బోర్న్‌లో జనం మొగ్గు చూపేది ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అనే వేరొక ఆటకు. 1994లో అక్కడ న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల రగ్బీ లీగ్ పోటీ జరిగితే 87,161 మంది వచ్చారు. అయితే తిరునాళ్లకు వచ్చేవారు వేరు, వారం వారం గుడికి వచ్చేవారు వేరు. 1998లో పోటీలలో ప్రవేశించిన మెల్‌బోర్న్ స్టార్మ్ క్లబ్బు ఆ రెండవ రకం జనాన్ని సంపాదించుకోవలసి వచ్చింది. రెండవ ఏడే, అంటే 1999లో, జాతీయ పోటీలో విజేతగా నిలవడం దానికి మేలు చేసింది. వెనుక పెద్ద వార్తాసంస్థ పెట్టిన సొమ్మూ ఉంది.

తరువాత ఈ క్లబ్బుకు తన తప్పు వల్లనే పెద్ద దెబ్బ తగిలింది. అన్ని జట్లూ సమానంగా ఉండాలని ఆటగాళ్ల జీతాలకు ఒక పరిమితి విధిస్తారు. మెల్‌బోర్న్ క్లబ్బు రెండు రకాల లెక్కలు రాసి ఆ పరిమితిని దాటినట్లు 2010లో బయటపడింది. 2007, 2009 సంవత్సరాల విజేత బిరుదులను రద్దుచేశారు. ఆ ఏడు మిగిలిన ఆటలలో గెలిచినా పాయింట్లు ఉండవన్నారు. పన్నెండేళ్ల వయసున్న క్లబ్బు మూతపడడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు. కాని అది మూతపడలేదు. గెలిచినా ఫలితం లేని ఆటలను చూడటానికి కూడా అభిమానులు వచ్చారు. ఆ ఏడే రగ్బీకి అనువైన కొత్త మైదానం, సుమారు 30 వేల మంది పట్టేది, దానికి ఇల్లయింది. 2012లో జట్టు తిరిగి విజేత అయింది. అదే సంవత్సరంలో మహే ఫోనువా ఈ జట్టులో ఆడాడు. మెల్‌బోర్న్ రాజధానిగా గల విక్టోరియా రాష్ట్రంలో పుట్టి పెరిగి ఈ జట్టులో చోటు సంపాదించినవారిలో అతడే మొదటివాడు. క్లబ్బు పోటీలలో ప్రవేశించిన పద్నాలుగేళ్లకు ఆ నేల మొదటి పంట చేతికందింది. స్థానికుడైన ఆటగాణ్ణి తయారుచేయడానికి ఎంత ఓపిక కావాలో దీనివల్ల తెలుస్తుంది.

ఓపికకు అవకాశమే లేకపోయిన కథ కెనడాలోని టొరాంటోది. 2016లో ఏర్పడిన టొరాంటో వుల్ఫ్‌ప్యాక్ 2017లో ఇంగ్లాండు పోటీల మూడవ శ్రేణిలో ఆడసాగింది. అట్లాంటిక్ సముద్రం దాటి వచ్చే ప్రత్యర్థి జట్ల ప్రయాణ ఖర్చులను క్లబ్బే భరించింది. మొదటి ఏడే ఆ శ్రేణిలో గెలిచింది. 2019 అక్టోబరులో ఫెదర్‌స్టన్ జట్టును ఓడించి సూపర్ లీగ్‌కు ఎక్కింది. ఆనాడు టొరాంటో మైదానంలో పది వేలకు చేరువగా జనం ఉన్నారు. మూడేళ్లలో అంతటి ఆదరణ సామాన్యం కాదు. అయితే ఆటగాళ్లంతా దాదాపు ఇంగ్లాండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలవారు. ఖర్చుల భారమంతా ప్రధానంగా ఒక్క యజమాని మీద ఉంది. 2020లో కెనడా చలి వల్ల మొదటి పోటీలన్నీ ఇంగ్లాండులోనే పెట్టుకొన్నారు. అంతలో కోవిడ్ వచ్చిపడి పోటీలు ఆగిపోయాయి. జీతాలు ఆగాయి. జూలైలో క్లబ్బు తప్పుకొంది. తిరిగి చేరతామని అడిగితే నవంబరులో మిగతా క్లబ్బులు ఓటు వేసి కాదన్నాయి. సూపర్ లీగ్‌లో చేరిన ఆ క్లబ్బు తన సొంత నగరంలో ఒక్క సూపర్ లీగ్ ఆట కూడా ఆడలేకపోయింది. చప్పట్లు కొట్టిన చేతులు వేలకొద్దీ ఉన్నా, కష్టకాలంలో దూలం మోసే భుజాలు లేకపోయాయి.

ఈ నాలుగు కథలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. మొదటి రోజు వచ్చే జనాన్ని చూసి క్లబ్బు నిలిచిందని తలచరాదు. ఫుల్హామ్‌కూ టొరాంటోకూ ఆరంభంలో జనం వచ్చారు. డబ్బు అవసరమే. కాని ఒక్కరి డబ్బు మీద ఆధారపడితే ఆ ఒక్కరు తప్పుకొన్న నాడు అంతా కూలుతుంది. విజయం జనాన్ని మైదానానికి రప్పిస్తుంది. ఓడిన నాడు కూడా వారు రావాలంటే అంతకు మించిన బంధం కావాలి. మారని మైదానం, మారని పేరు, ఆ నేల రంగులు, ఆ నేలలో పుట్టిన ఆటగాళ్లు – ఇవే ఆ బంధాన్ని పెంచుతాయి. ఇవన్నీ కాలం తీసుకొనే పనులు.

నారుమడిలో పచ్చగా ఉన్న మొక్కను పీకి మరొక మడిలో నాటితే మొదటి కొన్ని రోజులు అది వాలిపోయి కనిపిస్తుంది. కొత్త మట్టిలో వేరు కుదురుకొన్న తరువాతనే తల ఎత్తుతుంది. ఆ నాలుగు రోజులూ నీరు అందించేవారు ఉండాలి. ఆటకూ అంతే. కూలి పోగొట్టుకోలేని కార్మికుల కోసం 1895లో ఒక హోటల్ గదిలో రూపుదిద్దుకొన్న ఆట నేడు పెర్పిన్యా పిల్లలకూ మెల్‌బోర్న్ పిల్లలకూ సొంత ఆట అయింది. వారిలో చాలామందికి హడర్స్‌ఫీల్డ్ ఎక్కడుందో తెలియకపోవచ్చు. పుట్టిన ఊరిని గుర్తుచేయనవసరం లేకుండానే పిల్లలు తమదనుకొని ఆడుకొన్న నాడు, ఆట ఆ కొత్త నేలకు చుట్టం కాదు, ఇంటి బిడ్డ.